ఓటీపీ ఎవరికి పోయింది?

(ఎల్బీ నగర్‌లో జరిగిన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. కొద్ది సవరణలతో ప్రచురిస్తున్నాం.)



మాకు ఇచ్చిన అంశం 'వ్యవసాయంలో కొత్త టెక్నాలజీ'. డ్రోన్ల గురించి చెబుతామని కొందరు అనుకుంటున్నట్టున్నారు. డ్రోన్ మా మండలంలో ఒక్కసారి ఎగిరింది, అదీ ఫొటో కోసం. దాన్ని ఇవాళ్టికి పక్కన పెడదాం. మన జేబులో ఉన్న ఫోన్, మన అమ్మలు బొడ్లో దోపుకున్న ఫోన్, దాని గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇప్పుడు పాసుబుక్కు కన్నా ముందు అదే అడుగుతున్నారు.

ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది పొద్దున ఎల్బీ నగర్ చౌరస్తాలోనే బస్సు దిగి ఉంటారు. నల్లగొండ నుంచి వచ్చినా, సూర్యాపేట నుంచి వచ్చినా, సాగర్ రోడ్డు మీద మాల్ నుంచి, దేవరకొండ నుంచి వచ్చినా మనకు పట్నం మొదలయ్యేది ఈ చౌరస్తాలోనే. మన పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటారు. మనం వాళ్ళకు బియ్యం మూట, పచ్చడి సీసా తెచ్చి ఇచ్చి పోతాం. వెనకటికి బత్తాయి లోడు వేసుకుని అర్ధరాత్రి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వచ్చినవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉంటారు. ఆ మార్కెట్‌ను 2021లో బాటసింగారం తరలించారు. ఆ జాగాలో ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు.

ఆ మార్కెట్ గురించి మంచి మాటలు చెప్పడానికి మేము రాలేదు. కమీషన్, తరుగు, శాంపిల్ కాయలు, అన్నీ పోయినయ్ అక్కడ. కానీ ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. మోసం చేసినా ఎదురుగా మనిషి ఉండేవాడు. ఫలానా సేటు, ఫలానా దుకాణం. చేతిలో తక్‌పట్టీ ఉండేది. అందులో కాయ లెక్క, ధర, హమాలీ, కోత, అన్నీ రాసి ఉండేవి. ఆ చీటీ పట్టుకుని నిలదీసేవాళ్ళం. గట్టిగా అరిస్తే నలుగురు గుమిగూడేవాళ్ళు, అప్పుడప్పుడు పైసలు వెనక్కి వచ్చేవి. ఇప్పుడు మనం ఎవరి ముందు నిలబడి అరవాలె? అదే ఇవాళ మేము చెప్పదలచుకున్న సంగతి.

మొదట మా ఫోన్ కథ చెబుతాం. 2025లో సీసీఐ పత్తి కొనుగోలుకు 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. ఆధార్‌తో నమోదు కావాలె, తర్వాత జిన్నింగ్ మిల్లుకు పోయే రోజుకు స్లాట్ తీసుకోవాలె. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు ఉండె. బయట వ్యాపారి దగ్గర అంతకన్నా బాగా తక్కువ. కాబట్టి యాప్ రాదు, ఫోన్ లేదు అంటే నడవదు, ఎకరాకు వేలల్లో దెబ్బ. మా ఊర్లో టచ్ ఫోన్ లేని కుటుంబాలకు ఆ పని మా కార్యకర్తలం ఇద్దరం చేసిపెట్టినం. పదకొండు కుటుంబాల పాసుబుక్కుల ఫొటోలు, ఆధార్ ఫొటోలు, నమోదు వివరాలు అన్నీ మా ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి. మొదటి ఏరుడు అయ్యి పత్తి ఇండ్లలోకి వచ్చిన వారంలోనే ఆ ఫోన్ చార్జింగ్ ఎక్కడం మానేసింది. పైన మబ్బులు. మొంథా తుపాను వచ్చిన అక్టోబరు అది. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొననే కొనరు. మీకు తెలియంది కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందంటే వచ్చినాం. కంపెనీ పేరు ఎందుకులెండి, ఏ కంపెనీకి పోయినా కథ ఇదే. లోపల ఏసీ, మెత్తటి కుర్చీలు, మంచినీళ్ళు. టోకెన్ ఇచ్చారు. రెండు గంటలు కూర్చున్నాం. కౌంటర్‌లో ఒక అమ్మాయి, మన కూతురంత ఉంటుంది, మర్యాదగా మాట్లాడింది. ఫోన్ లోపలికి పోయింది, అరగంటకు బయటికి వచ్చింది. "సార్, మదర్‌బోర్డు పోయింది. 6,400 అవుతుంది. అందులో ఉన్న డేటా మొత్తం పోతుంది. బ్యాకప్ ఉందా?" అని అడిగింది. బ్యాకప్ అంటే ఏందమ్మా అంటే వివరించి చెప్పింది. అంటే మనం వడ్ల కుప్ప మీద కప్పుకునే టార్పాలిన్ లాంటిదన్నమాట. మేము కప్పుకోలేదు. ఫోన్ కొన్నదే తొమ్మిది వేలకు. సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చారు, ఇంగ్లీషులో ఉంది. సమాచారం పోతే కంపెనీకి బాధ్యత లేదని దాని సారాంశం. పెట్టలేదు.

లేచి వస్తుంటే ఆ అమ్మాయి మెల్లగా అన్నది: "అంకుల్, మీకు మెసేజ్ వస్తుంది, పదికి పది వేయండి. తొమ్మిది వేసినా నాకు జీతంలో కోత పడుతుంది." మేము పదికి పది వేసినాం. ఫోన్ పనిచేయదు కదా, పక్కవాడి ఫోన్ నుంచి ఎట్లా వేయాలో కూడా ఆమెనే చెప్పింది. మనకు తేమ కోత, ఆమెకు మార్కుల కోత. ఆ బిడ్డ మీద కోపం తెచ్చుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాం. ఆమె చేతిలో ఏ అధికారమూ లేదు. తిట్లు తినడానికి కూర్చోబెట్టిన మనిషి ఆమె. నిర్ణయం చేసినవాడు ఆ బిల్డింగ్‌లోనే లేడు.

బయటికి వచ్చి మెట్రో లైను కింద నడుచుకుంటూ పోతుంటే ఒక సందులో మూడడుగుల వెడల్పు దుకాణం. పిల్లగాడికి ఇరవై రెండేండ్లు ఉంటాయేమో. ఫోన్ తీసుకుని చార్జింగ్ పెట్టే రంధ్రంలోకి టార్చి కొట్టి చూసినాడు. సూది లాంటి పనిముట్టుతో మెల్లగా గెలికి, ఇంత దూది బయటికి తీసినాడు. "మదర్‌బోర్డు గాదు కాకా, పత్తి" అన్నాడు. చేనులో పత్తి ఏరుకుంటూ ఫోన్ జేబులో పెట్టుకుంటే నూగు లోపలికి పోయి గట్టిగా బిగుసుకుపోయింది. బ్రష్షుతో తుడిచి చార్జర్ పెట్టంగానే ఎక్కింది. వంద రూపాయలు తీసుకున్నాడు. పని పది నిమిషాలు.

నవ్వుకోవడానికే చెప్పలేదు ఈ కథ. ఆ పిల్లగాడు వస్తువును చూసినాడు, సర్వీస్ సెంటర్ వాళ్ళు స్క్రీన్ చూసినారు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' అని ఒక పోర్టల్ మొదలుపెట్టింది. మరమ్మతు చేసుకునే హక్కు అన్నమాట. నాలుగు రంగాలు అందులో పెట్టారు: వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, ఇంట్లో వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహనాలు. వ్యవసాయ పనిముట్లు ఉన్నాయని ఎంతమందికి తెలుసు? అది సమాచారం ఇచ్చే పోర్టల్ మాత్రమే, ఇంకా చట్టం కాలేదు. కానీ రేపు ట్రాక్టర్‌లో, హార్వెస్టర్‌లో కంప్యూటర్ పెట్టి, 'మా కంపెనీ మెకానిక్ ల్యాప్‌టాప్ తెస్తేనే బాగవుతుంది' అంటే మన మాల్‌లో, చౌటుప్పల్‌లో ఉన్న మెకానిక్‌ల గతేంది? కోతల టైంలో బండి మూడు రోజులు నిలబడితే మన గతేంది? ఈ విషయం మీద సంఘం ఇప్పటి నుంచే మాట్లాడాలె.

కొత్త వస్తువు అనగానే వద్దనేవాళ్ళం కాదు మేము. మా బోరు మోటారుకు ఫోన్‌తో నడిచే స్టార్టర్ పెట్టుకున్నాం. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు రాత్రి కరెంటు కోసం చీకట్లో చేను గట్ల మీద పోయి పాము కరిచినోళ్ళు, షాక్ కొట్టి చచ్చిపోయినోళ్ళు మన ఊర్లలో లేరా? ఇంట్లో మంచం మీద కూర్చుని మోటారు బంద్ చేసే వస్తువును మేము ఎందుకు కాదంటాం? కానీ అందులో కూడా ఒక సిమ్ ఉంటది. రీచార్జి అయిపోతే మోటారు మాట వినదు. ఎండాకాలంలో ఒకసారి మడి ఎండుతుంటే, మోటారు కాలిందేమో అని మెకానిక్‌ను పిలిచినాం. చివరికి చూస్తే సిమ్ గడువు అయిపోయింది. వెనకట బావికి మోట కొట్టేటప్పుడు ఎద్దులకు మేత వేసేవాళ్ళం, ఇప్పుడు స్టార్టర్‌కు వేస్తున్నాం.

ఏ ఫోన్ మంచిది అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. మా అభిప్రాయం మేము చెబుతాం, నచ్చినవాళ్ళు తీసుకోండి. మాట్లాడడానికి బటన్ల ఫోన్‌ను మించింది లేదు. వారం దాకా చార్జింగ్ ఉంటది, మట్టిలో పడ్డా తుడుచుకుంటే సరి, గంట బిగ్గరగా మోగుతుంది. టచ్ ఫోన్ ఇంటికి ఒకటి ఉంటే చాలు. అందులో కెమెరా ఎంత అని చూడొద్దు, అక్షరాలు పెద్దగా కనబడుతున్నాయా, ఎండలో స్క్రీన్ కనబడుతుందా చూడండి. భాష తెలుగులో పెట్టించుకోండి. టైపింగ్ రాకపోతే వాట్సాప్‌లో గొంతుతో చెప్పండి, సిగ్గుపడొద్దు. మా సంఘం గ్రూపులో అందరికన్నా బాగా విషయం చెప్పేది ఒక పెద్దమ్మ. ఆమెకు ఒక్క అక్షరం రాదు, అన్నీ గొంతు మెసేజులే.

ఓటీపీ కథ

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాం. మా ఊర్లో ఒక అమ్మ ఉంది, పేరు చెప్పం. రెండెకరాల పది గుంటలు ఆమె పేరు మీద ఉంది. భర్త లేడు. కొడుకు బొంబాయిలో పనికి పోయినాడు. ఆమె ఆధార్‌కు లింకు పెట్టింది బటన్ల ఫోన్ నంబరు. కొడుకు ఉన్నప్పుడు వాడే రీచార్జి చేయించేవాడు. వాడు పోయినాక ఆ ఫోన్ చెక్క బీరువాలో పడింది. ఆమె లెక్క ఏమంటే, నేను ఎవరికీ ఫోన్ చేయను, నాకు ఎవరూ చేయరు, దానికి పైసలు ఎందుకు?

తప్పు లెక్క కాదు. కానీ కంపెనీల లెక్క వేరే. 90 రోజులు ఒక నంబరు వాడకంలో లేకపోతే దాన్ని రద్దు చేయొచ్చు. రద్దయిన నంబరును ఇంకో 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత కొత్తవాళ్ళకు అమ్ముతారు. ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. నంబరు వదిలేసేవాళ్ళే పాత సమాచారం తుడుచుకుని జాగ్రత్తపడాలని 2023లో కోర్టు అన్నది. జాగ్రత్తపడాలె నిజమే. కానీ నంబరు వదిలేస్తున్నానని ఆమెకు తెలిస్తే కదా!

పత్తి నమోదుకు ఆమెను కూర్చోబెట్టినాం. ఆధార్ నంబరు కొట్టినాం. 'మీ ఫోన్‌కు ఓటీపీ పంపించాం' అని వచ్చింది. బీరువాలో ఫోన్ తీసి చార్జింగ్ పెట్టి చూస్తే సిగ్నలే లేదు. మళ్ళీ పంపించినాం. మళ్ళీ 'పంపించాం' అనే వచ్చింది. మరి ఎవరికి పోతున్నట్టు? అనుమానం వచ్చి, ఆమె నంబరుకు మా ఫోన్ నుంచి ఫోన్ కొట్టినాం. రెండు గంటలు మోగినాక ఒక పిల్లగాడు ఎత్తినాడు.

"అన్నా, మీరు ఆ అమ్మ తాలూకా మనుషులా? రెండు నెలల సంది నాకు బ్యాంకు మెసేజులు వస్తున్నయ్. ఎవరికి చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. సిమ్ కొన్నాడు, అంతే. అతని తప్పు ఏమున్నది? వాళ్ళ నాయన కూడా అచ్చంపేట దిక్కు పత్తి రైతే.

"ఇప్పుడు వచ్చిన ఓటీపీ చెప్పు బిడ్డా" అన్నాం. వాడు కొద్దిసేపు మాట్లాడలేదు. "ఎవరికీ చెప్పొద్దని దాంట్లోనే రాసి ఉంది కదన్నా. మీరు నిజంగా ఆ అమ్మ మనుషులో కాదో నాకెట్ల తెలవాలె?" అన్నాడు.

మేము నోరు మూసుకున్నాం. వాడు అడిగిందాంట్లో ఏం తప్పుంది? ఊరూరా తిరిగి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని చెప్పేది మేమే. ఇప్పుడు ఒక పరాయి పిల్లగాణ్ని ఫోన్‌లో ఓటీపీ అడుగుతున్నది కూడా మేమే. అమ్మ పక్కన నిలబడి చూస్తోంది. ఆమె పంట, ఆమె పేరు, ఆమె వేలిముద్ర. తాళంచెవి మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరి జేబులోనో ఉంది.

మరుసటి రోజు అమ్మను తీసుకుని బస్సెక్కినాం. ఆ పిల్లగాడు క్లాసు ఎగ్గొట్టి ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గరికి వచ్చినాడు. అమ్మ తన ఆధార్ కార్డు, పాసుబుక్కు తీసి చూపించింది. వాడు పేరు చదివి, తన ఫోన్‌లో వచ్చిన బ్యాంకు మెసేజులతో సరిచూసుకున్నాడు. "సరే అమ్మా" అన్నాడు. అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి, మా ఫోన్‌లో నంబరు కొట్టి, వాడి ఫోన్‌కు వచ్చిన ఆరు అంకెలు వేసి నమోదు చేసినాం. అమ్మ వాడికి వంద నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె కొంగులో కట్టుకొచ్చిన పల్లీలు మాత్రం తీసుకున్నాడు.

ఆధార్‌లో నంబరు మార్పిస్తే తప్ప ఇది తెగదు కదా. అందుకు మళ్ళీ ఆధార్ సెంటర్‌కే పోవాలె, ఆన్‌లైన్‌లో నంబరు మార్చే పని పాత నంబరు లేనివాళ్ళతో అయ్యేది కాదు. 75 రూపాయల ఫీజు. వేలిముద్ర పెట్టమన్నారు. ముప్పై ఏండ్లు పత్తి ఏరిన వేళ్ళు అవి. కాయ ముండ్లకు గీసుకుపోయి గీతలు అరిగిపోయినాయి. మిషన్ తీసుకోలేదు. రెండోసారి పోతే కంటిపాపతో అయ్యింది. రెండు రోజుల కూలి, రెండు సార్ల బస్సు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకు బస్సు టికెట్ లేదు కాబట్టి ఆమెకు చార్జీలు తప్పినయ్, మాకు తప్పలేదు.

ఆ పిల్లగాడు మంచివాడు కాబట్టి పని అయింది. ఇంకొకడైతే? ఆమె బ్యాంకు ఖాతాకు కూడా అదే నంబరు.

కిటికీ అవతల మనిషి

ధరణి మనకు నేర్పిన పాఠం కూడా ఇదే. 2020 అక్టోబరు 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు అయిపోవడం కొందరికి మేలే చేసింది, కాదనం. కానీ తప్పు పడ్డవాడి సంగతి? రెండెకరాలు ఉంటే ఎకరం ఎక్కింది, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడింది, తండ్రి పేరు తప్పు పడింది. ఎమ్మార్వో దగ్గరికి పోతే "నా చేతిలో లేదు, సిస్టంలో ఆప్షన్ లేదు" అన్నాడు. ఆ ఏడాది తెచ్చిన చట్టంలో ఆర్డీవో దగ్గర అప్పీలు లేకుండా చేసినారు. సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. తర్వాత ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క మాడ్యూల్ పెట్టుకుంటూ వచ్చినారు. టీఎం 33 అనే పేరు సర్వే నంబరులాగా రైతుల నోళ్ళలో నానింది. 'ఆప్షన్ లేదు' అనే మాట వింటే ఇప్పటికీ మాకు ఒళ్ళు మండుతుంది. భూమి ఉంది, రైతు ఉన్నాడు, దున్నుతున్నాడు, కంప్యూటర్‌లో ఆప్షన్ లేదు!

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పేరు మారింది, పోర్టల్ మారింది. వాటికన్నా మాకు ముఖ్యమైంది అప్పీలు మళ్ళీ రావడం. తహసీల్దారు చేసినదాని మీద ఆర్డీవోకు, ఆయన చేసినదాని మీద కలెక్టరుకు పోవచ్చు. ఆ జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టి, ఊర్లలో టేబుళ్ళు వేసుకుని కాగితం దరఖాస్తులు తీసుకున్నారు. ఎన్ని పరిష్కారమైనాయనేది వేరే పంచాయితీ, దాని మీద మన పోరాటం నడుస్తూనే ఉంది. కానీ రసీదు చేతికి వచ్చింది. ఆ రసీదు పట్టుకునే ఇప్పుడు పోయి అడుగుతున్నాం. తక్‌పట్టీ గురించి మొదట ఎందుకు చెప్పినామో ఇప్పుడు అర్థమైంది కదా.

మనిషి గొంతు వినబడే ఏర్పాటు సాధ్యం కాదనేవాళ్ళకు కిసాన్ కాల్ సెంటర్‌ను చూపించాలె. 2004 జనవరిలో మొదలైంది. 1800-180-1551. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా. వ్యవసాయం చదువుకున్నవాళ్ళు మన భాషలో మాట్లాడుతారు. గులాబీ పురుగు గురించి మేము చాలాసార్లు చేసినాం. అన్నిసార్లూ మనకు కావలసిన జవాబు రాకపోవచ్చు, కానీ 'ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అని అరగంట పాట వినిపించి పెట్టేయరు. ఒక ప్రైవేటు కంపెనీకి మేము ఫోన్ చేస్తే మొన్న మర మాట్లాడింది. తెలుగులోనే మాట్లాడింది, ముద్దుముద్దుగా. "మీ సమస్యను ఒక్క మాటలో చెప్పండి" అన్నది. మన సమస్యలు ఒక్క మాటలో చెప్పగలిగితే ఈ సంఘం ఎందుకు, ఈ సమావేశం ఎందుకు?

మనం వినియోగదారులం అనే సంగతి మనకే గుర్తుండదు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడు కాడని కంపెనీలు ఎన్నో ఏండ్లు కోర్టుల్లో వాదించినయ్. మన ఉమ్మడి రాష్ట్రం రైతుల కేసులోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు పోతే, 2012 జనవరి 16న తీర్పు వచ్చింది. రైతు వినియోగదారుడే అన్నది కోర్టు. విత్తనాన్ని ల్యాబ్ పరీక్షకు ఎందుకు పంపలేదని కంపెనీ అడిగితే, కొన్న విత్తనమంతా రైతు భూమిలో వేస్తాడు, పరీక్ష కోసం దాచిపెట్టుకోవాలని ఆశించలేమని చెప్పింది. ఎవరో బాగా ఎవుసం తెలిసిన మనిషి చెప్పినట్టే ఉంది కదా! విత్తనానికి వర్తించింది ఫోన్‌కు వర్తించదా, స్టార్టర్‌కు వర్తించదా, స్ప్రేయర్‌కు వర్తించదా?

2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న కొత్త వినియోగదారుల చట్టంలో మనకు పనికొచ్చే సంగతులు రెండు ఉన్నాయి. కంపెనీ ఆఫీసు బొంబాయిలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మనం చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. దానికన్నా ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, నంబరు తీసుకోండి. అయితే బిల్లు ఉండాలె. బిల్లు లేకుండా కొంటే రెండు వందలు తగ్గుతుందని షాపువాడు అంటాడు. ఆ రెండు వందలకు మన నోరు అమ్ముకుంటున్నాం. విత్తనం సంచి, బిల్లు, దాచిపెట్టుకోమని ఎన్నేండ్ల సంది చెబుతున్నామో, ఫోన్ డబ్బా, బిల్లు కూడా అట్లనే దాచిపెట్టండి.

మోసాల సంగతి కొద్దిగా చెప్పి ముందుకు పోతాం, దీని మీద పోలీసులు కూడా చెబుతూనే ఉన్నారు. 'పీఎం కిసాన్ పైసలు పడాలంటే ఇది నొక్కండి' అని వాట్సాప్‌లో వచ్చే ఫైలు నొక్కొద్దు. అది ఫోన్‌లో దూరి మెసేజులు చదువుతుంది. పైసలు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయాలె. బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా చెప్పాలె. మన తప్పు లేకుండా మూడోవాడు దోచుకుంటే, మూడు పనిదినాల లోపల చెప్పినవాళ్ళకు నష్టం రాకుండా చూడాలని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే బ్యాంకులకు చెప్పింది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా వారం రోజులు కూర్చున్నవాళ్ళను చూసినాం. మోసపోయినవాడిది సిగ్గు కాదు.

రీచార్జి గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచినయ్. ఇంటర్నెట్ అవసరం లేని అమ్మకు, నాయనకు కూడా ఇంటర్నెట్ ప్యాకే అంటగట్టారు. దాని మీద ఫిర్యాదులు పోతే, మాటలు, మెసేజులు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది. గడువు 365 రోజుల దాకా పెట్టొచ్చని కూడా చెప్పింది. ఆ ప్యాక్‌లు వచ్చినయ్. కానీ షాపులో మీరు అడిగితేనే చెబుతారు, ఫోన్ యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటాయి. బటన్ల ఫోన్ ఉన్న ముసలివాళ్ళకు అవి వేయించండి, నంబరు బతికి ఉంటది.

ఇగ సంఘం ఏం అడగాలె అనే దానికి వస్తే, మేము రాసుకొచ్చిన ముసాయిదా మీ ముందు పెడుతున్నాం, మీరు తగ్గించొచ్చు, పెంచొచ్చు. రైతుకు సంబంధించిన ప్రతి యాప్‌కూ రైతు వేదికలో ఒక టేబుల్, ఒక మనిషి ఉండాలె. ఆ మనిషికి రాసి ఇస్తే రసీదు ఇవ్వాలె. సర్వర్ పనిచేయని రోజు, ఓటీపీ రాని రోజు రైతు గడువులో లెక్కగట్టొద్దు. వాన పడి స్లాట్ రోజు పోలేకపోతే మళ్ళీ మొదటి నుంచి క్యూలో నిలబెట్టొద్దు. ఏ తప్పునైనా సరిచేసే అధికారం మండలంలో ఎవరో ఒకరికి ఉండాలె, ఆయన పేరు గోడ మీద రాసి ఉండాలె. వేలిముద్ర పడకపోతే, నంబరు పోతే, ఊర్లో నలుగురు గుర్తుపట్టి చెప్పిన మాటకు విలువ ఉండాలె. ఏఈవోలకు ఈ పని అంటగట్టి చేతులు దులుపుకోవద్దు, వాళ్ళ నెత్తి మీద ఇప్పటికే పంటల నమోదు, సర్వేలు, ఎన్నో ఉన్నయ్. కొత్త ఉద్యోగాలు ఇవ్వండి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోర్సులు నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్న మన పిల్లలకే ఇవ్వండి.

ఆ పిల్లగాడి సంగతి మళ్ళీ చెప్పాలె. మొన్న ఫోన్ చేసినాడు. వాళ్ళ హాస్టల్‌లో ముప్పై మంది ఉంటే అందులో ఏడుగురి సిమ్‌లకు ఎవరివో బ్యాంకు మెసేజులు వస్తున్నాయట. "ఇవి ఎవరివో కనిపెట్టాలె అన్నా" అంటున్నాడు. మేము అడిగినాం, నువ్వు నేర్చుకునే చదువుతో రేపు ఇట్లాంటి యాప్ తయారుచేస్తే ఏం చేస్తావు అని. "ఓటీపీ రాలేదు అనే బటన్ పెడతా, అది నొక్కితే ఒక మనిషికి ఫోన్ పోవాలె" అన్నాడు.

ఆ పిల్లగాడు ఇవాళ ఇక్కడికి వచ్చినాడు, ఇద్దరు స్నేహితులను కూడా తెచ్చినాడు. వెనక తలుపు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్నారు. మీ ఆధార్‌కు ఏ నంబరు లింకై ఉందో, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి చెబుతారు. ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి, అంకెలు మీరే కొట్టండి, వాళ్ళకు ఇవ్వొద్దు, వాళ్ళు కూడా అడగరు. ఒక నోటుబుక్కు పెట్టినాం, నంబరు పోయినవాళ్ళ ఊరు, పేరు అందులో రాయించండి, ఆధార్ నంబరు మాత్రం రాయొద్దు. ఆ లెక్కతోనే వచ్చే వారం కలెక్టరు దగ్గరికి పోతాం. చార్జింగ్ ఎక్కని ఫోన్ ఎవరిదైనా ఉంటే ముందు టార్చి కొట్టి చూసుకోండి. అన్నం తయారైందంటున్నారు, మొదట ఆడవాళ్ళు పోండి.